కలయిక వెనక కారణాలను కొలవడం: తెలుగులో ఈ ప్రశ్నలు ఎలా అడగాలి?

మల్లెతీగ

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పెళ్ళయినవాళ్ళు శారీరకంగా కలవడం వెనక మనసులో ఉండే కారణాలు నా పరిశోధన విషయం. ఎన్నిసార్లు, ఎలా అన్నది నాకు అక్కర్లేదు. ఎందుకు అన్నదే కావాలి.

లెక్కలు తీసే పని ఎప్పుడో మొదలైంది. అమెరికాలో కిన్సీ అనే శాస్త్రవేత్త 1948లో మగవాళ్ళ గురించి, 1953లో ఆడవాళ్ళ గురించి వేలమందిని అడిగి అచ్చు వేశాడు. అందులో ఎక్కువ భాగం ఏం చేశారు, ఎన్నిసార్లు చేశారు అన్న లెక్కే. కారణాల్ని కొలిచే ప్రశ్నావళులు చాలా తర్వాత వచ్చాయి. నేను పట్టుకున్నది లిన్ కూపర్ అనే అమెరికా సైకాలజిస్టు, మరో ఇద్దరు కలిసి 1998లో ప్రచురించినది. మొత్తం 29 ప్రశ్నలు, ఆరు కారణాలు. మనసుకు దగ్గరవ్వాలని ఒకటి, సంతోషం కోసం ఒకటి, నాలో ఇంకా ఆకర్షణ ఉందని నాకు నేను రుజువు చేసుకోవడానికి ఒకటి. బాధో దిగులో మర్చిపోవడానికి ఒకటి, ఎదుటి మనిషికి కోపం రాకుండా ఒకటి, తోటివాళ్ళు ఏమంటారో అని చివరిది. వీటి వెనక ఆవిడ పెట్టుకున్న ఆలోచన నాకు బాగా నచ్చింది. ఏదో పొందాలని చేస్తున్నామా, ఏదో తప్పించుకోవాలని చేస్తున్నామా అన్నది ఒక గీత. నా కోసమా, ఎదుటివాళ్ళ కోసమా అన్నది రెండో గీత. ఈ రెండూ అడ్డంగా, నిలువుగా గీస్తే నాలుగు గదులు వస్తాయి.

ఇప్పుడు నా ఇబ్బంది. ప్రశ్నలు తెలుగులో పెట్టి, పన్నెండు మంది పెళ్ళయిన ఆడవాళ్ళతో ముందుగా ఒకసారి చూసుకున్నాను. ఒకావిడ ఉంది, నలభై దాటాయి. వంటింట్లో గోంగూర ఒలుస్తూ కూర్చుంది. కాగితం తను చదవలేనంది, నేను చదువుతున్నాను. మొదటి నాలుగు ప్రశ్నలకు తలూపింది. ఐదో ప్రశ్న దగ్గర చేతిలో కాడ పక్కన పెట్టి, "కారణం ఏముంటుందమ్మా, కాపురం అన్నాక" అంది. ఆ తర్వాత ఏ ప్రశ్నకూ జవాబు రాలేదు. గడులన్నీ ఖాళీ.

మా గైడ్ దాన్ని "సమాచారం లేదు" అని రాసి పక్కన పెట్టమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆవిడ జవాబు చెప్పిందనే నాకు అనిపిస్తోంది. పన్నెండు మందిలో నలుగురు దాదాపు ఇదే మాట అన్నారు. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

(ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, వివరాలు మార్చాను.)

లెక్కలమాస్టారు

అమ్మా, ముందు ఒక పొరపాటు చెప్తాను, ఏమీ అనుకోకు. నువ్వు మరో చర్చలో పెట్టిన ప్రశ్నావళి నమూనా చూశాను. జవాబుల గడుల మీద "ఎప్పుడూ కాదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ" అని ఉంది. "ఎప్పుడూ కాదు" అంటే మన నోట రెండు అర్థాలు. "ఏ ఒక్కసారీ కాదు" అనేది ఒకటి, "అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లే" అనేది రెండోది. మీ ఆయన కోప్పడతాడా అని అడిగితే "ఎప్పుడూ కాదులే" అని ఎన్నిసార్లు వినలేదు మనం? ఒకటో గడిలో టిక్కు పెట్టినవాళ్ళు మూడో గడి మనుషులు కూడా కావచ్చు. పైగా ఆఖరి గడిలో ఉన్న "ఎప్పుడూ"లో దీర్ఘం అచ్చులో చెరిగిందంటే అది "ఎప్పుడు" అన్న ప్రశ్నే అయిపోతుంది. "ఒక్కసారి కూడా లేదు" అని మొదలుపెట్టి, "ప్రతిసారీ" అని ముగించు. "అరుదుగా" కూడా తీసెయ్. "ఎప్పుడో ఒకసారి" అంటే అందరికీ తెలుస్తుంది.

ఖాళీ గడుల సంగతి. సగటు అంకె వేసి నింపమని ఎవరైనా చెప్తే వినకు. ఒకరిద్దరు ఒక ప్రశ్న వదిలేస్తే వేరు, ఒకే రకం మనుషులు ఒకే చోట ఆగిపోతే వేరు. పన్నెండులో నలుగురు అంటే అది యాదృచ్ఛికం కాదు. అలా ఆగిపోయినవాళ్ళను తీసేసి మిగతావాళ్ళతో లెక్క కడితే, తమ కారణం తాము చెప్పగలిగిన ఆడవాళ్ళ మీద మాత్రమే నీ పరిశోధన జరిగినట్టు. థీసిస్ పేరులో మాత్రం "వివాహిత స్త్రీలు" అని ఉంటుంది.

గోదారిగట్టు

చెల్లీ, నేను రాజమండ్రి వైపు హెచ్‌ఐవీ నివారణ సర్వేల్లో ఆరేళ్ళు ఇంటింటికీ తిరిగినదాన్ని. సైకాలజీ చదవలేదు, అడగడం మాత్రం తెలుసు.

నీ కాగితంలో ఏ మాట వాడావు? "సంభోగం" అంటే పదో తరగతి సైన్సు పుస్తకంలా ఉంటుంది, మొహం చిట్లిస్తారు. "శృంగారం" అంటే సినిమా మాట, తమది అనుకోరు. "సెక్స్" అనగానే పక్కింటి తలుపు వైపు చూస్తారు. మేం కొన్నాళ్ళు "కలవడం" అన్నాం, ఒక పెద్దావిడ చుట్టాల్ని కలవడం అనుకుని పది నిమిషాలు జవాబు చెప్పింది. చివరికి "భార్యాభర్తలుగా కలవడం" దగ్గర ఆగాం. పెళ్ళికాని కాలేజీ పిల్లలకు మాత్రం "సెక్స్" అనే అడగాలి, వాళ్ళు ఆ మాటే వాడతారు. అందరికీ ఒకే మాట పెట్టాలనుకుంటే ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

ఇంకోటి. "మీరు ఎందుకు చేస్తారు" అని అడుగుతున్నావు. మా దగ్గర ఆడవాళ్ళు "నేను చేస్తాను" అన్నదే నేను వినలేదు. "ఆయన వస్తారు" అంటారు, "నేను ఒప్పుకుంటాను" అంటారు, "సరే అంటాను" అంటారు. కర్త ఆయనే. నువ్వేమో ఆవిడను కర్తను చేసి ప్రశ్న వేశావు. ఆ గోంగూర ఆవిడ అక్కడే ఆగింది. "సరే అన్నప్పుడు మీ మనసులో ఏముంటుంది" అని అడిగి చూడు.

మేం వాడిన పద్ధతి ఒకటి చెప్తాను, పోలింగ్ బూత్ సర్వే అనేవాళ్ళం. ఒక గదిలో పది పన్నెండు మందిని కూర్చోబెట్టి, ఒకరి చేతులు ఒకరికి కనిపించకుండా అట్టలు అడ్డం పెడతాం. ప్రతి ఒక్కరికీ నంబర్లు వేసిన చీటీలు ఇస్తాం. మూడు డబ్బాలు: అవును అయితే ఆకుపచ్చ, కాదు అయితే ఎరుపు, నాకు వర్తించదు అయితే తెలుపు. పైకి చదువుతాం, వాళ్ళు చీటీ వేస్తారు. ఎదురుగా కూర్చుని అడిగితే నోరు విప్పనివాళ్ళు కూడా డబ్బాలో వేసేవాళ్ళు.

లెక్కలమాస్టారు

అక్కయ్య చెప్పిన పద్ధతి చాలా మంచిది, కానీ ఈ అమ్మాయి పనికి ఒక చోట అడ్డు తగులుతుంది. ఆకుపచ్చ డబ్బాలో ఎనిమిది చీటీలు ఉన్నాయంటే ఎనిమిది మంది అవునన్నారని తెలుస్తుంది. అయితే ఐదో ప్రశ్నకు అవునన్న మనిషి పదో ప్రశ్నకు ఏమందో తెలియదు. అన్నీ కలిసిపోయాయి. ఈ ప్రశ్నావళులన్నీ నడిచేది ఆ ముడి మీదే.

ఆ ముడిని పట్టుకునే లెక్క పేరు ఫ్యాక్టర్ అనాలిసిస్. దాని గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇంట్లో సామాను లోపలికి రాకముందే అలమరా గదులు కొట్టించలేం కదా. ముందు సామానంతా నేల మీద పరిచి, ఏది ఏ దానితో కలిసి వాడుతున్నామో చూసి, అప్పుడు గదులు వేస్తాం. ఇదీ అంతే. "గొడవ కాకుండా" అన్న ప్రశ్నకు ఎక్కువ మార్కు వేసినవాళ్ళు "అలగకుండా" అన్నదానికీ ఎక్కువే వేస్తుంటే, ఆ రెంటి వెనక ఒకే కారణం ఉందని లెక్క పట్టిస్తుంది. అది తెలియాలంటే ఒక్కో మనిషి జవాబులన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. కాగితం మీద పేరు ఉండకూడదు. చదవలేనివాళ్ళకు హెడ్‌ఫోన్‌లో ప్రశ్న వినిపించి, ట్యాబ్‌లో రంగు గుండ్రాన్ని నొక్కించే పద్ధతి ఉంది. అది వాడు.

ఎవరైనా చూస్తారేమో అన్న అనుమానం అంకెల్ని ఎంత మారుస్తుందో 2003లో మిషెల్ అలెగ్జాండర్, టెర్రీ ఫిషర్ చూపించారు. కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు తమ జవాబులు పరిశోధకులు చూడవచ్చని అనుకుంది. రెండో గుంపుకు పూర్తి గోప్యత. మూడో గుంపుకు అబద్ధాలు పట్టే యంత్రం తగిలించినట్టు నటించారు. ఇప్పటిదాకా ఎంతమందితో సంబంధం అని అడిగితే ఆడపిల్లలు చెప్పిన సగటు వరసగా 2.6, 3.4, 4.4. మగపిల్లలది 3.7, 4.2, 4.0. యంత్రం ముందు ఆడపిల్లల అంకె మగపిల్లల అంకెను దాటింది. ఊరికే లెక్క చెప్పడానికే ఇంత తేడా వస్తే, మనసులో కారణం చెప్పమంటే ఎంత రావాలి?

పాతపుస్తకం

ఆలస్యంగా చూశాను. తెనాలిలో తెలుగు లెక్చరర్‌గా రిటైరైన వాణ్ణి. అమ్మాయి పంచుకున్న అనువాదంలో ఒక ప్రశ్న "ప్రేమ కోసం" అని ఉంది. అది నన్ను ఆపేసింది. "ప్రేమ కోసం" అంటే ప్రేమ దొరుకుతుందని. "ప్రేమతో" అంటే ఉన్న ప్రేమను చూపించడానికి. "ప్రేమ వల్ల" అంటే కారణం వెనక నుంచి తోస్తోంది. ఈ మూడింటికీ ముగ్గురు వేర్వేరు మనుషులు అవునంటారు. ఒకామెకు ప్రేమ నిండుగా ఉంటే "ప్రేమతో" దగ్గర టిక్కు పెడుతుంది. ఇంకొకామె దాని కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తూ "ప్రేమ కోసం" దగ్గర పెడుతుంది. లెక్కలో ఇద్దరూ ఒకే గదిలో పడితే అన్యాయం కాదా?

తప్పించుకోవడాన్ని చెప్పడానికి మాత్రం మన భాషలో చక్కటి రూపం ఉంది: "-కుండా". గొడవ కాకుండా, అలగకుండా, మాట రాకుండా, బయటికి పోకుండా. పెద్ద పెద్ద మాటలతో పని లేదు, క్రియ చివర అది తగిలిస్తే చాలు.

ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. వాత్స్యాయనుడు కామసూత్రంలో ప్రీతి నాలుగు రకాలన్నాడు. అలవాటు వల్ల కలిగేది ఆభ్యాసికి. మనసులో ఊహించుకోవడం వల్ల కలిగేది ఆభిమానికి. ఇది అదే అన్న నమ్మకం వల్ల కలిగేది సాంప్రత్యయికి. ఎదురుగా ఉన్న విషయాల వల్ల కలిగేది వైషయికి. ఇంకోచోట, కోరిక కాని కారణాలతో పరస్త్రీని చేరాలనుకునే మగవాడి లెక్కలు ఏకరువు పెట్టాడు. ఆమె భర్త బలవంతుడు, నా శత్రువుతో స్నేహంగా ఉన్నాడు, ఈమె ద్వారా అతణ్ణి తిప్పుకోవచ్చు అనేదాకా. అవన్నీ మగవాడి వైపు నుంచి వేసిన లెక్కలే అన్నది నిజం. ఆడవాళ్ళు "సరే" అనడం వెనక ఏముందో వాళ్ళనే అడిగి రాయడం ఈ అమ్మాయి చేస్తున్న పని. అందుకే నాకు సంతోషంగా ఉంది.

రాత్రిబండి

ఈ చర్చ నాలుగు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఆగాను. హైదరాబాద్‌లో ఉంటాం. పెళ్ళై ఏడేళ్ళు, పిల్లల కోసం నాలుగేళ్ళుగా తిరుగుతున్నాం. ఆస్పత్రి పేరు అనవసరం.

మా ఫ్రిజ్ మీద ఒక క్యాలెండర్ ఉంది. ప్రతి నెలా మూడు తేదీలకు ఎర్ర పెన్‌తో సున్నాలు చుట్టి ఉంటాయి. ఆ తేదీల్లో మేం కలుస్తాం. ఆ రోజు ఆఫీసులో ఏం జరిగినా, ఆమెకు జ్వరం ఉన్నా. మిగతా రోజుల్లో ఇద్దరం పక్కపక్కన పడుకుని ఫోన్లు చూసుకుంటాం, ఎందుకంటే ఆ రోజు "పనికిరాదు". ఒకసారి సున్నా లేని రోజు ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను "ఈ రోజు కాదు కదా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

మీరు చెప్పిన ఆరు కారణాల్లో మాది ఎక్కడ ఉంది? కోపం రాకుండా కాదు, సంతోషం కోసం కాదు. ప్రతి పండక్కీ మా అమ్మ ఫోన్ చేసి "విశేషమేమైనా ఉందా" అంటుంది. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పడానికే కలుస్తున్నామని అనిపిస్తుంది.

మల్లెతీగ

అన్నా, ఇది రాసినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పింది నిజం, కూపర్ ఆరింటిలో పిల్లల కోసం అన్నది లేదు. ఆవిడ బృందం పనిచేసింది బఫెలో నగరంలో యువతతో, వాళ్ళకు అది ముందుకు వచ్చే కారణం కాదు. అంతకు రెండేళ్ళ ముందు, 1996లో, క్రెయిగ్ హిల్, లెస్లీ ప్రెస్టన్ తయారుచేసిన కొలతలో ఎనిమిది కారణాలు ఉన్నాయి. సంతానం అందులో ఒకటి. నేను ఒక్క ప్రశ్నావళినే పట్టుకుని కూర్చోవడం తప్పని మీ మాటతో అర్థమైంది.

కూపర్ దగ్గర "తోటివాళ్ళ ఒత్తిడి" అని ఒక గది ఉంది. నేను దాన్ని "స్నేహితులు ఏమనుకుంటారో అని" అని అనువదించాను. పన్నెండు మందిలో ఒక్కరు కూడా దానికి అవుననలేదు. ఆ ఒత్తిడి మన దగ్గర లేదని రాసుకున్నాను. లేకపోవడం కాదు, మన దగ్గర అది స్నేహితుల నోట రాదు. అత్తగారి నోట, అమ్మ నోట, పేరంటంలో పసుపు రాసే పిన్ని నోట వస్తుంది. "విశేషమేమైనా ఉందా" అన్నదాన్నే ప్రశ్నగా పెడతాను: "ఇంట్లో పెద్దవాళ్ళు విశేషం గురించి అడుగుతున్నారని". మాట యథాతథంగా మీదే, అనుమతి ఇస్తారా?

రాత్రిబండి

వాడుకోండి. మా ఆవిడకు ఈ చర్చ చూపించాను.

ఎర్రమట్టి

అడ్డం పడుతున్నానని అనుకోవద్దు, అసలు పునాది మీదే నాకు సందేహం ఉంది. మనుషులకు తమ కారణాలు తెలుసా? 1977లో నిస్బెట్, విల్సన్ అనే సైకాలజిస్టులు ఒక వ్యాసం రాశారు. అందులో ఒక ప్రయోగం ఉంది. ఒక దుకాణంలో నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు బల్ల మీద వరసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమని దారినపోయే 52 మందిని అడిగారు. నాలుగూ ఒకటే రకం. అయినా కుడి చివర ఉన్నదాన్ని 40 శాతం మంది ఎంచుకున్నారు, ఎడమ చివరిదాన్ని 12 శాతం మందే. ఎందుకని అడిగితే అల్లిక బాగుందన్నట్టు కారణాలు చెప్పారు, కుడివైపు ఉందని ఒక్కరూ అనలేదు. మేజోళ్ళ దగ్గరే ఇలా ఉంటే, పడకగదిలో జరిగినదానికి ఆరు నెలల తర్వాత ఒక గడిలో టిక్కు పెట్టమంటే వచ్చేది కారణమా, తర్వాత అల్లుకున్న కథా?

లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న. దీన్ని దాటవేసేవాళ్ళే ఎక్కువ. నా జవాబు పూర్తి జవాబు కాదు. మేజోళ్ళ విషయంలో వాళ్ళను తోసింది బల్ల మీద స్థానం. దాన్ని ఎవరూ గమనించరు. గొడవ అవుతుందేమోనని సరే అన్న మనిషికి ఆ భయం తెలియకుండా ఉండదు, ఆ క్షణంలో అది గొంతులోనే ఉంటుంది. తెలియనిది, తెలిసీ చెప్పలేనిది వేర్వేరు. మన దగ్గర ఎక్కువ ఉన్నది రెండోది. ఆరు నెలల జ్ఞాపకం సంగతి మాత్రం మీరన్నదే కరెక్టు.

నిదానం

కౌన్సెలర్‌ని, అమెరికాలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాను. నా దగ్గరికి ఎక్కువగా తెలుగు, తమిళ జంటలు వస్తారు. జ్ఞాపకం సమస్యకు ఒక దారి డైరీ. ఎమిలీ ఇంపెట్ బృందం 2005లో ప్రచురించిన పనిలో, ప్రేమలో ఉన్న కాలేజీ విద్యార్థులు 14 రోజులపాటు ఏ రోజుకారోజు రాశారు. ఈ రోజు కలిశారా, ఎందుకు, మనసు ఎలా ఉంది, ఇద్దరి మధ్య ఎలా ఉంది. దగ్గరవ్వాలనో సంతోషం కోసమో కలిసిన రోజుల్లో మనసు తేలిగ్గా ఉంది, బంధం మీద తృప్తి ఉంది. గొడవ కాకుండానో, ఎదుటివాళ్ళు నిరాశపడకుండానో కలిసిన రోజుల్లో అదే కలయిక తర్వాత చికాకు, ఘర్షణ ఎక్కువ. బయట నుంచి చూస్తే రెండు రోజులూ ఒకటే. లెక్కపెడితే రెండూ ఒక్కో సంఖ్యే. కారణం అడిగితే తప్ప ఆ తేడా కనబడదు. అందుకే ఈ కొలతల మీద నాకు ఇంత పట్టుదల.

మా ఊరి యూనివర్సిటీలోనే సిండీ మెస్టన్, డేవిడ్ బస్ 2007లో చేసిన పని కూడా మల్లెతీగ గారికి పనికొస్తుంది. వాళ్ళు గదులు ముందే కట్టలేదు. మొదట 444 మందిని, మీరుగానీ మీకు తెలిసినవాళ్ళుగానీ ఏయే కారణాలతో సెక్స్ చేశారో రాయమన్నారు. 715 వచ్చాయి. ఒకేలాంటివి కలిపితే 237 మిగిలాయి. తలనొప్పి తగ్గడానికి అన్నది ఉంది, దేవుడికి దగ్గరవ్వడానికి అన్నది కూడా ఉంది. అప్పుడు 1,549 మంది విద్యార్థులకు ఆ జాబితా ఇచ్చి మార్కులు వేయించారు. లెక్కలో నాలుగు పెద్ద గదులు తేలాయి: శరీరం, ఏదో సాధించడం, మనసు, అభద్రత. అభద్రత గదిలోనే "బాధ్యత, ఒత్తిడి" అన్న చిన్న అర ఉంది. ఆడా మగా ఎక్కువగా చెప్పిన మొదటి పాతికలో ఇరవై కారణాలు ఇద్దరికీ ఒకటే.

ఇక్కడ నాకొక మాట ఉంది. ఆ జాబితాలో బాధ్యతను అభద్రత కింద వేశారు. టెక్సాస్ విద్యార్థుల జవాబుల్లో అది అక్కడే పడింది, అందులో తప్పు లేదు. నా దగ్గరికి వచ్చే మన ఆడవాళ్ళలో కొందరికి కాపురం అనే మాటలో భయం లేదు. ఇల్లు నడపడం, పిల్లల్ని చూడటం, ఆయన పక్కన ఉండటం, అన్నీ ఒకటే ముద్ద. ఇంకొందరు అదే మాట అంటారు, కానీ గొంతు వేరేలా ఉంటుంది. గోంగూర ఆవిడ ఏ గొంతుతో అందో నాకు తెలియదు. అది తేలేదాకా ఆవిడను ఏ గదిలోనూ వెయ్యకండి.

గోదారిగట్టు

నిదానం గారూ, గొంతు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు. కాడ పక్కన పెట్టి అంది అని రాసింది చెల్లి. ఊరికే అనే మాట అయితే చేతిలో పని ఆగదు.

పడవరేవు

నేను ఎక్కువ రాయను. కోనసీమ. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. రెండేళ్ళకోసారి నలభై రోజులు వస్తారు. "ఎంత తరచుగా" అని మీ ప్రశ్నలన్నీ ఉన్నాయి. నేను ఏమని టిక్కు పెట్టాలి? ఆ నలభై రోజులకా, మిగతా ఏడు వందల రోజులకా?

మొదటి వారం ఇద్దరం కొత్తవాళ్ళలా ఉంటాం. ఇష్టమా కాదా అని ఆలోచించే టైం ఉండదు. వెళ్ళిపోయే ముందు వారం ఒకటే ఏడుపు. ఆ ఆఖరి వారం కలవడానికి కారణం అడిగితే నేను చెప్పేది ఒకటే, గుర్తుండాలని. అది మీ జాబితాలో ఎక్కడైనా ఉంటే చూడండి.

మల్లెతీగ

అక్కా, నా జాబితాలో లేదు. రాసుకున్నాను.

మీ మాట వల్ల ఇంకోటి కూడా తెలిసింది. "ఎంత తరచుగా" అని కాకుండా "కలిసినప్పుడు, వాటిలో ఎన్నిసార్లు" అని అడగాలి. మెస్టన్, బస్ వాడిన అంకెలు అలాగే ఉన్నాయి, నా అనుభవాల్లో ఒక్కదానికీ కాదు అన్న చోట మొదలై అన్నిటికీ అన్న చోట ముగుస్తాయి. నేను కూపర్‌ది తీసుకుంటూ ఈ తేడా పట్టించుకోలేదు.

గోదారిగట్టు

చెల్లీ, మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళేముందు ఇది చదువు. పద్దెనిమిది నిండినవాళ్ళనే తీసుకో, వయసు అడిగి రాసుకో. అంతకంటే చిన్నవాళ్ళు ఏదైనా చెప్తే పోక్సో చట్టం కింద నువ్వు రిపోర్టు చెయ్యక తప్పదు, మాట బయటికి పోదని ఇచ్చిన హామీ నిలబడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస ప్రశ్నలు ఒక ఇంట్లో ఒక్క ఆడమనిషినే అడుగుతారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాకే మొదలుపెడతారు, మధ్యలో ఎవరైనా వస్తే ఆపుతారు. నువ్వూ అంతే చెయ్యి. అత్తగారు తలుపు దగ్గరికి వస్తే టక్కున పింఛను గురించి అడగడం అలవాటు చేసుకో. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చిన్న కాగితం మీద వేసి ఇవ్వు, బీరువాలో చీర మడతలో పెట్టుకునేంత చిన్నది. భర్త బలవంతం చేసినా భార్య మేజరైతే అది రేప్ కాదని మన చట్టంలో ఇంకా ఉంది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో కూడా ఆ మినహాయింపు అలాగే ఉంచారు. అయినా గృహహింస చట్టం ఉంది, అందులో లైంగిక హింస కూడా వస్తుంది. ఇది నీకు తెలిసి ఉండాలి, ఎవరైనా "ఏం చెయ్యాలి" అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు.

కాదనగలమని చెప్పేవాళ్ళు ఎక్కువేలే. అదే కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చేసినప్పుడు, ఇష్టం లేనప్పుడు భర్తకు వద్దని చెప్పగలమని దేశంలో 82 శాతం మంది ఆడవాళ్ళు అన్నారు. చెప్పగలిగీ "సరే" ఎందుకు అంటారన్నది ఆ సర్వే అడగలేదు. నీ ప్రశ్న అక్కడి నుంచి మొదలవుతుంది.

మల్లెతీగ

ఐదు వారాలైంది. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్ళీ తీసుకుని ఇప్పుడు రాస్తున్నాను.

మీరందరూ చెప్పినట్టే వెనక్కి వెళ్ళాను. ముందు గదులు లేవు. ఇరవై రెండు మందిని ఒక్కొక్కరినీ విడిగా, "సరే అన్నప్పుడు మనసులో ఏముంటుంది" అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాను. నిద్ర పట్టడానికి. తాగొచ్చిన రోజు త్వరగా పడుకుంటాడని. పొద్దున పిల్లల ఫీజు అడగాలి కదా అని. ఆ ఒక్కసారే నా మొహంలోకి చూస్తాడని. నాకూ ఇష్టమే అని ఏడుగురు అన్నారు. అందులో ఇద్దరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించి అన్నారు. ఇష్టం అని చెప్పడానికి కూడా గొంతు తగ్గించాలని నేను ముందు ఊహించలేదు. నా దృష్టంతా ఒత్తిడి మీదే ఉండిపోయింది.

"భాగస్వామి" అన్న మాట తీసేశాను. అనువాదం సరిచూడటానికి తెలుగు ప్రశ్నల్ని వేరేవాళ్ళతో తిరిగి ఇంగ్లీషులో రాయిస్తే, అది వ్యాపార భాగస్వామిగా తిరిగొచ్చింది. "మీ ఆయన" అని పెట్టాను. మాస్టారూ, "ప్రతిసారీ" బాగా పనిచేసింది. పంతులుగారూ, "ప్రేమతో", "ప్రేమ కోసం" విడదీశాను. రెండింటికీ ఒకేలా జవాబు చెప్పినవాళ్ళు చాలా తక్కువ.

గోంగూర ఆవిడ దగ్గరికి కూడా వెళ్ళాను. ఈసారి హెడ్‌ఫోన్ పెట్టి ట్యాబ్ చేతికిచ్చి, నేను గుమ్మం అవతల అరుగు మీద కూర్చున్నాను. జవాబులు నాకు కనబడవని ముందే చెప్పాను. పావుగంట అయింది. లోపల్నుంచి పిలిచింది. ఒక ప్రశ్న మళ్ళీ వినాలట, ఎలా నొక్కాలో చూపించాను. విన్నాక హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి తీసి, "ఇది నువ్వు రాశావా, ఇంకెవరైనా చెప్పారా?" అంది.

"వేరే ఊళ్ళో ఒకావిడ చెప్పింది" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నువ్వు బయటికి వెళ్ళు, నేను నొక్కుతాను" అంది.